మోచేతి కింద చెయ్యి

సికింద్రాబాద్ స్టేషన్లో ఒకటో నంబరు ప్లాట్‌ఫాం మీద, పుస్తకాల కొట్టుకూ టీ బండికీ మధ్య బరువు తూచే మిషన్ ఒకటి ఉండేది. ఎక్కి నిలబడితే ఎర్ర బల్బులూ పచ్చ బల్బులూ పెళ్లివారి పందిరిలా వెలిగేవి. అద్దం వెనక చక్రం గిర్రున తిరిగేది. అది ఆగాక రూపాయి బిళ్ల వేస్తే టక్కున అట్టముక్క ఒకటి పడేది. దానికి ఒకవైపు బరువు, రెండోవైపు జాతకం. రైలెక్కేవాళ్లకి అదో కాలక్షేపం. మెట్టుగూడ జీవరాజుకి మాత్రం అది కాలక్షేపం కాదు. ఆదివారం ఆరాధన అయిపోగానే బైబిలు చంకలో పెట్టుకుని, ప్లాట్‌ఫాం టికెట్టు కొనుక్కుని, మిట్టమధ్యాహ్నం ఎండలో తిన్నగా అక్కడికే వచ్చేవాడు. ఆయనకి యాభై ఆరేళ్లు. పన్నుల ఆఫీసులో సూపరింటెండెంటు.

ఆ ఆదివారం కూడా ఎక్కాడు. చక్రం తిరుగుతూనే ఉంది. కుడి మోచేతి కిందికి ఆ చెయ్యి వచ్చింది.

నాలుగు వేళ్లు కిందనుంచి, బొటనవేలు పైనుంచి. కాస్త చల్లగా, కాస్త తడిగా, పిండి కలిపి అప్పుడే కడుక్కుని వచ్చిన చెయ్యిలా ఉంది. మెత్తగా పట్టుకుని పైకి లేపింది. జీవరాజు పక్కకి చూడలేదు. చూస్తే అక్కడ ఎవరూ ఉండరని ఆయనకు తెలుసు. చూడకపోతే ఉన్నట్టే కదా.

అట్టముక్క పడింది. అరవై ఎనిమిది కిలోలు. పోయిన వారమూ అంతే. మూడేళ్లుగా అంతే. ఆ మూడేళ్లలోనే ఈ అరవై ఎనిమిది కిలోల మనిషి, బెల్టు చాలక, చివరికంటా కొత్తగా నాలుగు చిల్లులు పొడిపించుకున్నాడు.

టీ బండి అతను నవ్వాడు. "ఏంది సార్, ఎక్కినప్పుడల్లా గా చెయ్యి గట్ల లేపుతరు? ఎవరన్న పట్టుకున్నట్టు!"

జీవరాజు కూడా నవ్వేసి గబగబా దిగిపోయాడు.

ఈ గొడవంతా మొదలైంది ఆయన భార్య ఆలిస్‌తో. ఆలిస్ బళ్లో టీచరు, చర్చిలో పాటల జట్టుకి పెద్ద, తీపి కనబడితే చంటిపిల్ల. మోకాళ్ల నొప్పులు వచ్చాక ఓ ఆదివారం ఊరినుంచి వస్తున్న చుట్టాల్ని దింపుకోవడానికి ఇద్దరూ స్టేషన్‌కి వచ్చారు. రైలు ఆలస్యం. సరదాగా మిషన్ ఎక్కుతానంది. ఎక్కేటప్పుడు తూలిపోకుండా జీవరాజు ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు వదలడం మరిచిపోయాడు. కార్డు పడింది, తొంభై ఒకటి. అంతకు వారం ముందే ఆసుపత్రిలో తొంభై ఎనిమిది చూపించిందట. "ఏమండీ, ఏడు కిలోలు తగ్గానండీ!" అని ప్లాట్‌ఫాం మీదే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఆ ముఖం చూశాక, పట్టుకున్నది నేనే అని చెప్పడానికి జీవరాజుకి నోరు రాలేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం స్టేషనుకి రావడం అలవాటైపోయింది. ఆమె ఎక్కేది, ఆయన పట్టుకునేవాడు. ఎంత లేపితే తొంభై ఒకటి వస్తుందో ఆయన చేతికి లెక్క కుదిరిపోయింది. విశ్వాసులం, మనకి జాతకమేమిటని ఆలిస్ జాతకం వైపు జిగురు రాసి పాటల పుస్తకం వెనక అట్టకి అంటించేసేది. తొంభై ఒకటి, తొంభై ఒకటి, తొంభై ఒకటి అని అట్టనిండా వరసగా ఉండేవి. ఆసుపత్రి త్రాసు తుప్పుపట్టిందనేది. డాక్టరు తీపి మానమంటే, బరువు పెరగడం లేదుగా, కార్డులున్నాయి చూడండి అనేది.

ఒక్కసారి మాత్రం ఆమెకి అనుమానం వచ్చింది. "ఏమండీ, ఇవాళ పట్టుకోకండి. నా అంతట నేను నిలబడతాను" అంది.

"వదిలేశాను" అన్నాడు జీవరాజు. అన్నాడు గానీ రెండు వేళ్లు మోచేతి కిందే ఉంచాడు. చీర కొంగు మీదుగా ఆ రెండు వేళ్లూ ఆమెకి తెలియలేదు. తెలిసినా తెలియనట్టు ఊరుకుందేమో, అది ఆ దేవుడికే తెలియాలి.

షుగరు ముదిరి ఆలిస్ కాలికి పుండు పడింది, అది మానలేదు. తర్వాత గుండె ఆగింది. శవపేటిక చేసేవాడు ఇంటికొచ్చి, "అమ్మగారి బరువెంత సార్?" అని అడిగాడు. ఏడుపులో ఉన్న జీవరాజు నోటికి అలవాటైన మాట వచ్చేసింది. "తొంభై ఒకటి." అతను దానికి తగ్గ చెక్కే వేశాడు. చర్చి మెట్ల మీద పెట్టె అడుగు కిర్రుమని లోపలికంటా వంగింది. మోస్తున్న ఆరుగురూ అరిచారు. ఇంకో ఇద్దరు పరుగెత్తుకొచ్చి కిందనుంచి చేతులు పెట్టారు. అందరి ముందూ పెట్టె దించి, అడ్డచెక్క కొట్టి, మళ్లీ ఎత్తాల్సి వచ్చింది. ఆ సుత్తి దెబ్బలు జీవరాజు గుండెల మీదే పడ్డాయి. నిజానికి ఆమె నూట నాలుగు కిలోలు. ఆసుపత్రి కాగితంలో ఆ అంకె ఉంది. ఆయన ఆ కాగితం ఎవరికీ చూపించలేదు.

సమాధి కార్యక్రమమైన నాలుగో రోజు ఆఫీసు నుంచి వస్తూ కాళ్లు వాటంతటవే రాంగోపాల్‌పేట్ సందులోకి తిరిగాయి. అక్కడ తాతారావు మిఠాయి కొట్టుంది. గోదావరి పక్కనుంచి వచ్చి పాతికేళ్ల కిందట కొట్టు పెట్టుకున్న మనిషి. మడత కాజా ఆయన చేతిలో పడితే పొరలు పొరలుగా పువ్వులా విచ్చుకుంటుంది. ఇరవై ఏళ్లుగా రోజూ సాయంత్రం జీవరాజు కనబడగానే ఆయన అడక్కుండానే అరకిలో పొట్లం కట్టేసేవాడు. ఆ రోజూ కట్టేశాడు.

"అమ్మగారు బావున్నారాండీ?" అన్నాడు, రోజూ అడిగినట్టే.

జీవరాజు నోరు తెరిచాడు. "బావుందండి" అన్నాడు.

అలా అన్న క్షణం ఆలిస్ ఇంట్లో ఉంది. కుర్చీలో కూర్చుని దారి చూస్తోంది. ఆ ఒక్క క్షణం కోసం ఆయన మర్నాడు కూడా వెళ్లాడు. ఆ మర్నాడూ వెళ్లాడు. పొట్లం ఇంటికి తెచ్చాక పారేయడానికి మనసొప్పేది కాదు. ఆమె కుర్చీలో కూర్చుని, ఆమె తిన్నట్టే, పొర తరవాత పొర తీసుకుంటూ తానే తినేవాడు. ఆ నెలలోనే ఓ ఆదివారం, ఒంటరిగా మిషన్ ఎక్కిన రోజు, మోచేతి కిందికి మొదటిసారి చెయ్యి వచ్చింది.

ఇక కూతురు డోరా సంగతి. కాప్రాలో కాపురం, ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. నర్సుని మోసం చెయ్యడం తేలిక కాదు. పొట్ట మీద బిగుసుకుపోయిన తండ్రి చొక్కా గుండీలు చూసి, రక్తం తీసి పరీక్షకి పంపించింది. ఆ కాగితం పట్టుకుని ఓ శనివారం పొద్దున్నే మెట్టుగూడ వచ్చింది. చంకలో ఇంట్లో వాడుకునే కొత్త తూకం మిషన్.

"షుగరు మమ్మీకి చివర్లో ఉన్నంత ఉంది డాడీ. మూత్రపిండాలు కూడా దెబ్బతింటున్నాయి. ఈ ఏడాదిలో ఇరవై కిలోలు తగ్గకపోతే డాక్టరు ఇంక నాతో మాట్లాడనన్నాడు. ఎక్కండి."

"నా బరువు అరవై ఎనిమిదే అమ్మా. తగ్గడానికేముంది?"

"ఎక్కండి ముందు."

ఎక్కాడు. అరవై ఎనిమిది. డోరా ముఖం చిట్లించింది. తను ఎక్కి చూసుకుంది, సరిగ్గానే చూపించింది. వంటింట్లోంచి పాతిక కిలోల బియ్యం బస్తా ఈడ్చుకొచ్చి పెట్టింది, పాతికే చూపించింది. మళ్లీ తండ్రిని ఎక్కించింది. అరవై ఎనిమిది.

డోరా అంకె చూడటం మానేసి తండ్రిని చూసింది.

"ఆ కుడి చెయ్యి దించండి డాడీ."

"దించే ఉంచానమ్మా."

"లేదు. మోచెయ్యి పైకి ఉంది." దగ్గరికొచ్చి ఆ మోచేతిని కిందికి నొక్కబోయింది. చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. కాసేపు తన వేళ్లకేసి చూసుకుంది. చున్నీకి తుడుచుకుంది. వెళ్లి తలుపు తీసి, పట్టపగలే, గదిలో లైటు వేసింది.

"తడిగా ఉంది" అంది మెల్లగా.

వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగి అడిగింది. "మమ్మీ కూడా ఎప్పుడూ తొంభై ఒకటే అనేది. అప్పుడు కూడా ఎవరైనా పట్టుకునేవాళ్లా డాడీ?"

జీవరాజు వంగి బియ్యం బస్తా మూతి సర్దాడు. డోరా ఏడుస్తూ వెళ్లిపోయింది. మిషన్ మీద మనిషిని మోచెయ్యి పట్టుకుని లేపచ్చు గానీ, రక్తపరీక్ష కాగితాన్ని ఎవరు లేపగలరు? అది బల్ల మీద అలాగే పడి ఉంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆఫీసులో ఆ ఫైలు నడుస్తోంది. మిఠాయిలు, నూనెలో దేవినవి, కూల్‌డ్రింకులు, వీటన్నిటి మీదా అదనపు పన్ను వేస్తే జనంలో ఊబకాయం తగ్గుతుందా లేదా, అభిప్రాయం రాయమని పైనుంచి కాగితం వచ్చింది. మామూలుగా అయితే అలాంటి కాగితాన్ని జీవరాజు ఒక బీరువాలోంచి ఇంకో బీరువాలోకి మార్చి పుణ్యం కట్టుకునేవాడు. దీన్ని మాత్రం కసిగా రాశాడు. పదకొండు పేజీలు. ఇళ్లు కూలిపోతున్నాయన్నాడు, అమ్మేవాడు లాభపడుతుంటే మోసేవాడు కుంగిపోతున్నాడన్నాడు. చదివినవాళ్లు మెచ్చుకున్నారు. తన తప్పుని ఎవరి నెత్తినో పెట్టడానికి ఆయనకి ప్రభుత్వం వారి కాగితం దొరికింది, అంతే.

వర్తకుల్ని పిలిచి మాట్లాడే రోజు వచ్చింది. పొద్దున పదకొండు గంటలు. బేకరీలవాళ్లు, కూల్‌డ్రింకుల ఏజెంట్లు, మిఠాయి కొట్లవాళ్లు హాలు నిండా కూర్చున్నారు. తీపి మీదా నూనె మీదా పన్ను వెయ్యాలా వద్దా అని తేల్చే సభలో అందరికీ పళ్లెంలో రెండేసి సమోసాలు, ఒక మైసూర్‌పాకు పెట్టారు. పెద్ద ఆఫీసరు అవి నములుతూనే జీవరాజుని ప్రతిపాదన చదవమన్నాడు.

చదవడం అయ్యాక మిఠాయి కొట్ల తరఫున లేచింది తాతారావు. చేతులు జోడించి, జీవరాజు వంక చూసి, సొంత మనిషిని చూసినట్టు నవ్వాడు.

"అయ్యా, మా కాజాలు తిని జనం పాడైపోతున్నారని రాశారండి. రాసినాయన వేరే ఎవరో కాదండి, మా జీవరాజుగారే. ఇరవై మూడేళ్లుగా మా కొట్టు పొట్లం రోజూ వారింటికి వెళ్తుందండి. అమ్మగారికి కాజా అంటే ప్రాణమండి. నిన్న సాయంత్రం కూడా అడిగానండి, అమ్మగారు బావున్నారాండీ అని. బావుందన్నారు. ఆయ్, ఇరవై మూడేళ్లు తిన్నావిడ బావుంటే, మా కాజా చేసిన పాపమేంటండీ?"

హాలంతా గొల్లుమంది. పెద్ద ఆఫీసరు కూడా నవ్వి, ఏమంటారన్నట్టు జీవరాజు వైపు చూశాడు.

జీవరాజు లేవబోయాడు. అప్పుడు, మిషన్ లేని చోట, ఫ్యాన్ కింద, వందమంది మధ్యలో, మోచేతి కిందికి ఆ తడి చెయ్యి వచ్చింది. ఆయన్ని లేపి నిలబెట్టింది.

"ఆమె లేదు తాతారావుగారూ. పోయి మూడేళ్లయింది."

నవ్వులు ఆగిపోయాయి. తాతారావు జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి.

"మరి నిన్నటి పొట్లం..."

"నేనే తిన్నాను."

"మొన్నటిది?"

"అదీ నేనే."

తాతారావు జోడించిన చేతులు విప్పాడు. కోపమో జాలో ఆయనకే తెలిసినట్టు లేదు. "ఒక్క మాట చెప్పండి బాబూ. ఈ పన్ను ఆ రోజుల్లోనే ఉంటే, అమ్మగారికి కొనడం మానేసేవారాండీ?"

జీవరాజు ఆలోచించాడు. మోచేతి కింద పట్టు బిగిసింది.

"మానేవాణ్ణి కాదు. రెట్టింపు ఇచ్చయినా కొనేవాణ్ణి."

"అయితే ఈ ప్రతిపాదన వెనక్కి తీసుకుందామంటారా?" అన్నాడు పెద్ద ఆఫీసరు, పని తేలికయిందన్న సంతోషంతో.

"వద్దు సార్. వెయ్యండి. నేను మానేవాణ్ణి కాదు. కానీ ఆ పన్ను ఉండుంటే, పొట్లం కొన్నప్పుడల్లా ఇది చేటని ఎవరో ఒకరు నాకో నిజం చెప్పినట్టయ్యేది. మా ఇంట్లో ఆ పని ఎవరూ చెయ్యలేదు."

"ఆ నిజం కూలి చేసుకునేవాడికి కూడా చెప్తారాండీ?" అన్నాడు తాతారావు, మెల్లగానే. "నెలకోసారి పిల్లలకని నాలుగు కాజాలు పట్టుకెళ్తాడండి. ఆడింట్లో ఎవరూ లావుగా ఉండరండి. మీ పన్నుతో ఆడి చేతిలోవి మూడయితే, ఏ పిల్లాడికి లేకుండా చేస్తాడో మీరే రాయండి ఆ ఫైల్లో."

జీవరాజు తన పదకొండు పేజీలూ మూసేశాడు. పరిశీలిద్దామని చెప్పి పెద్ద ఆఫీసరు చేతులు కడుక్కోవడానికి లేచాడు. ఫైలు ఫైళ్లన్నీ వెళ్లే చోటికే వెళ్లింది.

వరండాలో తాతారావు ఎదురొచ్చి జీవరాజు చెయ్యి పట్టుకున్నాడు. "రేపట్నుంచి మీకు పొట్లం కట్టనండి. మీరొచ్చి అడిగినా కట్టనండి. ఏవనుకోకండి" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ. జీవరాజుకి లోపల ఏదో తెగిపడినట్టయింది. అమ్మగారు బావున్నారా అని అడిగే మనిషి ఈ లోకంలో ఇంక ఎవరూ మిగల్లేదు. ఆలిస్ రెండోసారి చచ్చిపోయింది.

ఇక మిగిలింది ఆ చెయ్యి ఒక్కటే.

వారం రోజులూ ఆయన దాన్ని గురించే ఆలోచించాడు. చెయ్యి ఉన్నంతకాలం ఆలిస్ ఉంది. చెయ్యి ఉన్నంతకాలం కార్డు అరవై ఎనిమిది చూపిస్తూనే ఉంటుంది, ఆయన కూడా ఆమె వెళ్లిన దారినే వెళతాడు. అది ఆమె పగ కాదు. పగైతే భయపడి ఊరుకునేవాడు. అది ప్రేమే. తను ఆమెకి చేసిందే ఆమె తనకి తిరిగి చేస్తోంది. అందుకే ఆయనకి నిద్రపట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం. రైళ్ల మధ్య ఖాళీ సమయం, ప్లాట్‌ఫాం మీద కుక్క కూడా లేదు. టీ బండి అతను బండి మీద తల వాల్చి కునుకు తీస్తున్నాడు. జీవరాజు మిషన్ ఎక్కాడు. బల్బులు వెలిగాయి. చెయ్యి వచ్చింది.

"ఆలిస్, వదిలెయ్" అన్నాడు.

చెయ్యి కదల్లేదు.

"నువ్వు పట్టుకుంటే నాకు బాగానే ఉంటుంది. కానీ డోరా ఏడుస్తోంది. వదిలెయ్ ఆలిస్."

మెల్లగా పట్టు సడలింది. చల్లదనం పోయింది. బిళ్ల వేశాడు. కార్డు పడింది. తీసి చూశాడు. డెబ్భై తొమ్మిది.

అరవై ఎనిమిదీ కాదు, అసలుదీ కాదు. జీవరాజుకి అర్థమైంది. రెండు వేళ్లు ఇంకా కిందే ఉన్నాయి. వదిలేశానంటూనే ఆమె రెండు వేళ్లు ఉంచింది. ఆయనకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఆ విద్య నేర్పినవాడు ఆయనే.

దిగలేదు. కాస్త ముందుకి వంగి, అద్దంలో తన ముఖంతో మాట్లాడుతున్నట్టు, ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పనిది చెప్పాడు.

"ఆ రోజు నేను వదల్లేదు ఆలిస్. వదిలేశానని అబద్ధం చెప్పాను. ఏ ఆదివారమూ వదల్లేదు. నువ్వు ఎప్పుడూ తొంభై ఒకటి లేవు. చివరికి నూట నాలుగు ఉన్నావు. పెట్టె చేసేవాడికి కూడా అబద్ధమే చెప్పాను. చర్చి మెట్ల మీద నిన్ను కింద పెట్టించింది నేనే. నీ ముఖం చిన్నబోతే చూడలేక నిన్ను చంపుకున్నాను. నన్ను క్షమించు."

బల్బులు వెలిగి ఆరుతూ ఉన్నాయి. ఆ తర్వాత మోచేతి కింద ఒక వేలు తొలగింది. కొంచెం ఆగి రెండోది. అప్పటివరకూ గాల్లో నిలిచి ఉన్న ఆయన కుడి చెయ్యి దాని బరువుకి అది ధబ్బున పక్కకి పడింది. అద్దం వెనక చక్రం ఒక్క ఊపున ముందుకు తిరిగింది.

జీవరాజు బిళ్ల వేశాడు. కార్డు పడింది.

తొంభై ఒకటి.

జేబులోంచి పాటల పుస్తకం తీసి, వెనక అట్ట మీద ఆమె అంటించిన కార్డుల వరస చివర ఈ కార్డుని పెట్టి చూశాడు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఇదొక్కటే నిజం.

దిగబోతూ అలవాటుకొద్దీ మోచెయ్యి కాస్త పక్కకి చాచాడు. ఎవరూ పట్టుకోలేదు. మోకాళ్లు నొప్పెట్టాయి. మిషన్ అంచు పట్టుకుని, ఒక కాలూ తరవాత ఇంకో కాలూ పెట్టి, తన బరువు తనే మోసుకుంటూ కిందికి దిగాడు.